ఎవర్నీ ఫెయిల్ చేయొద్దన్న ఫాదర్, ఎవర్నీ తేలిగ్గా వదలని బడి

ఐదో తరగతిలోనో ఎనిమిదిలోనో పరీక్ష తప్పిన పిల్లల్ని అదే క్లాసులో ఉంచాలా, పైకి పంపాలా? 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తన పరిధిలోని బడుల కోసం నియమాలు మార్చాక ఈ వాదన మన దగ్గర మళ్లీ మొదలైంది. ఎక్కడ విన్నా రెండే మాటలు. ఫెయిల్ భయం లేకపోతే పిల్లలు పుస్తకం ముట్టరు అని ఒకరు. ఫెయిల్ చేస్తే కూలోళ్ల పిల్లలు బడి మానేసి పనికి పోతారు అని ఇంకొకరు. ఇద్దరూ తమ అనుభవం నుంచే మాట్లాడతారు కాబట్టి వాదన ఎక్కడా తెగదు.

ఇదే గొడవ ఇటలీలో అరవై ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ అది లేచిన ప్రతిసారీ ఒక క్యాథలిక్ ఫాదర్ పేరు బయటికొస్తుంది. ఆయనే లొరెంజో మిలానీ. అందరూ డాన్ మిలానీ అంటారు. (ఇటలీలో గురువుల, అంటే చర్చి ఫాదర్ల, పేరు ముందు గౌరవంగా 'డాన్' చేర్చడం అలవాటు. డాన్ బోస్కో గారికీ అలాగే వచ్చింది. సినిమా డాన్‌లతో పోలిక పెట్టుకోవద్దు.) ఆయన్ని అభిమానించేవాళ్లు పేదపిల్లల పక్షాన నిలబడ్డ మహానుభావుడంటారు. గిట్టనివాళ్లు ఇటలీ చదువుల ప్రమాణాలు పడిపోవడానికి ఈయనే మూలమంటారు. 'పిల్లల్ని ఫెయిల్ చేయకండి' అన్న ఒక్క మాటతోనే ఆయన్ని గుర్తుపెట్టుకోవడం మాత్రం ఇద్దరికీ అలవాటైపోయింది. ఆ మాట ఏ బడిలోంచి వచ్చిందో చూస్తే ఈ రెండు బొమ్మలూ సరిపోవు.

పుస్తకాల ఇంట్లో పుట్టిన కుర్రాడు

మిలానీ 1923 మే 27న ఫ్లోరెన్స్‌లో పుట్టారు. డబ్బూ చదువూ రెండూ ఉన్న కుటుంబం. ముత్తాత డొమెనికో కొంపరెట్టి ఇటలీలో పేరున్న భాషా పండితుడు. తల్లి ఆలిస్ వైస్‌ది యూదు కుటుంబం. ఇంట్లో మతం పట్టింపు పెద్దగా లేదు. 1933లో పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించడం కూడా భక్తితో చేసిన పని కాదు, ఫాసిస్టు పాలనలో యూదు మూలాలున్న ఇంటికి అదొక రక్షణ.

కుర్రాడికి బొమ్మలేయడం ఇష్టం. యూనివర్సిటీకి వెళ్లకుండా పెయింటింగ్ నేర్చుకుంటూ మిలాన్‌లోని బ్రెరా అకాడమీలో చేరాడు. 1943లో ఇరవయ్యేళ్ల వయసులో మనసు విశ్వాసం వైపు తిరిగింది. ఆ నవంబరులోనే ఫాదర్ కావడానికి ఫ్లోరెన్స్ గురువిద్యాలయంలో చేరారు. 1947 జూలైలో గురుపట్టం అందుకుని ఫాదర్ అయ్యారు.

ఇంటి సంగతి ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, పుస్తకాలున్న ఇంట్లో పిల్లలకి అడక్కుండానే ఏమేం దొరుకుతాయో ఆయనకి లోపలి నుంచి తెలుసు. తర్వాతి జీవితమంతా అవి దొరకని పిల్లల మధ్య గడిపారు. ఆయన రాతల్లో కనిపించే కోపంలో చాలా భాగం తను పుట్టిన వర్గం మీదే.

రాత్రి బడి, గోడ మీంచి దించిన సిలువ

మొదట ఆయన్ని ప్రాతో పట్టణం దగ్గరి కాలెంజానోకి సహాయ గురువుగా పంపారు. బట్టల మిల్లులున్న ప్రాంతం. గుడికి వచ్చే కుర్రాళ్లకి జపాలన్నీ కంఠతా వచ్చు, వాటి అర్థం అడిగితే మాత్రం రాదు. సత్యోపదేశం (క్రైస్తవ మత పాఠం) చెప్పబోతే వాక్యమే అర్థం కావడం లేదని మిలానీ గమనించారు. ముందు భాష రావాలి, బోధ ఆ తర్వాత సంగతి అనుకుని కార్మికుల కోసం రాత్రి బడి పెట్టారు.

ఆ బడి గోడ మీంచి సిలువ తీసేశారు. ఆ పని ఎంత పెద్దదో తెలియాలంటే అప్పటి ఇటలీని గుర్తు చేసుకోవాలి. దేశం క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ, కమ్యూనిస్టు పార్టీ అంటూ నిలువునా చీలి ఉంది. 1949లో వాటికన్ కమ్యూనిస్టులకి వెలి శిక్ష ప్రకటించింది. అలాంటి రోజుల్లో ఈయన, కమ్యూనిస్టు ఇంటి కుర్రాడు కూడా ఇబ్బంది లేకుండా వచ్చి కూర్చోవాలని, ఇది ఏ పక్షం బడీ కాదని చూపించడానికి సిలువ దించారు. మిగతా విచారణల్లో (ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధిని విచారణ అంటారు) ఫాదర్లు యువకుల్ని ఆకట్టుకోవడానికి ఫుట్‌బాల్, పింగ్‌పాంగ్ బల్లలు పెట్టేవాళ్లు. మిలానీకి అది నచ్చేది కాదు. ఆటలు చూపించి పేదవాడి సాయంత్రాన్ని లాక్కోవడం అన్యాయమని వాదించేవారు.

ఆ ఏళ్ల అనుభవాన్ని లెక్కలతో సహా ఒక పుస్తకంగా రాశారు. 1958లో చర్చి అనుమతితోనే అచ్చయింది. అదే డిసెంబరులో వాటికన్ దాన్ని అమ్మకాల నుంచి తీసేయించింది. ఆ అభ్యంతరం ఇప్పుడు లేదని చర్చి చెప్పేసరికి 2014 వచ్చింది.

బార్బియానా: రోడ్డు లేని ఊరికి బదిలీ

1954లో కాలెంజానో పెద్ద ఫాదర్ చనిపోయారు. మామూలుగా అయితే ఆ స్థానం మిలానీకి రావాలి. ఆ డిసెంబరులో పైవాళ్లు ఆయన్ని బార్బియానాకి పంపారు. ఫ్లోరెన్స్‌కి ఈశాన్యంగా ముజెల్లో ప్రాంతంలో, జోవి కొండ మీద ఉంది అది. ఊరు అనడం కూడా కష్టమే. ఒక గుడి, దాని పక్కన గురువు ఇల్లు, కొండ వాలులో దూరదూరంగా రైతుల ఇళ్లు. కారు రోడ్డు లేదు, కరెంటు లేదు, కుళాయి లేదు. ఆ విచారణనే మూసేయాలనుకుంటున్న సమయంలో ఈయన కోసం తెరిచి ఉంచారు. మన భాషలో చెప్పాలంటే పనిష్‌మెంట్ ట్రాన్స్‌ఫర్.

వెళ్లిన మర్నాడే కింద విక్కియో పట్టణంలో ఆఫీసుకి వెళ్లి, బార్బియానా శ్మశానంలో తన సమాధికి చోటు కొనుక్కున్నారు. 'ఇక్కడి నుంచి ఎక్కడికీ పోను' అని ఊరివాళ్లకీ పైవాళ్లకీ ఒకేసారి చెప్పడం అన్నమాట. కొద్దికాలంలోనే బడి మొదలైంది.

ఆ బడి ఎలా నడిచేది

బార్బియానా బడి అనగానే మెత్తటి, స్వేచ్ఛగా ఆడుకునే బడిని ఊహించుకుంటే మొత్తం తప్పుతాం.

పొద్దున ఎనిమిదికి మొదలై సాయంత్రం చీకటి పడేదాకా, దాదాపు పన్నెండు గంటలు బడి. ఆదివారాలూ సెలవులు కావు. వేసవి సెలవులు లేవు, పండగ సెలవులు లేవు. ఆటల పీరియడ్ లేదు. పిల్లలు దీని మీద ఫిర్యాదు చేసేవాళ్లా అని బయటివాళ్లు అడిగితే, ఇంటి దగ్గరుంటే పొద్దస్తమానం గొర్రెల వెంటా పేడ ఎత్తడంలోనూ ఉండేవాళ్లమని, దానికంటే బడి నయమని వాళ్లు చెప్పేవాళ్లు. ఈ జవాబు గుర్తుపెట్టుకోవాలి. పట్నంలో ట్యూషన్లతో అలిసిపోయిన పిల్లాడికి పన్నెండు గంటల బడి శిక్ష. పశువుల కొట్టంలో పనిచేసే పిల్లాడికి అది విశ్రాంతి.

ఒకటే పెద్ద గది. పాఠ్యపుస్తకం చాలా విషయాలకి ఒక్కో కాపీయే ఉండేది, అందరూ దాని చుట్టూ చేరి చదివేవాళ్లు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పేవాళ్లు. పన్నెండేళ్ల పిల్లాడు టీచరైతే వాడికి తెలియనిది కూడా నేర్చుకోక తప్పదు కదా. చదువులో అందరికంటే వెనకబడ్డవాడు క్లాసులో అందరికంటే ముఖ్యుడు. వాడికి అర్థమయ్యేదాకా పాఠం కదలదు.

రోజూ దినపత్రిక గట్టిగా చదివేవాళ్లు. అర్థం కాని ప్రతి మాట దగ్గరా ఆగేవాళ్లు. సమ్మె, పార్లమెంటు, వలస, ఆల్జీరియా యుద్ధం ఇలా ఒక మాట మీద గంటలు గడిచేవి. కొండెక్కి వచ్చిన అతిథులు ప్రొఫెసర్లైనా, జర్నలిస్టులైనా ఉపన్యాసం ఇచ్చి వెళ్లే వీలు లేదు. పిల్లలు మధ్యలోనే ఆపి, ఆ మాటకి అర్థమేంటో చెప్పమనేవాళ్లు. పెద్దమనుషులు తడబడటం వాళ్లకి మంచి పాఠం.

చెక్కపని, ఇనుపపని ఉండేవి. బల్లలు, పటాలు, ఖగోళం చూపించే పరికరాలు పిల్లలే చేసుకున్నారు. కొండ పిల్లలకి నీళ్లంటే భయం కాబట్టి గుడి పక్కన ఒక చిన్న ఈతకొలను తవ్వి కట్టుకున్నారు. ఫ్రెంచి, ఇంగ్లిష్, జర్మన్ నేర్పించి, కాస్త పెద్దవాళ్లయ్యాక ఆ దేశాలకి ఒంటరిగా పంపేవారు. అక్కడ పనిచేసుకుంటూ భాష నేర్చుకుని, ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్లు. రైతు బిడ్డ పదహారేళ్లకే లండన్‌లో పనిచేసి రావడం ఆ కొండ మీద ఎవరూ అంతకుముందు విననిది.

అన్ని పాఠాల వెనకా ఒకటే నమ్మకం ఉంది. పేదవాడికీ ధనికుడికీ మధ్య తేడా డబ్బు కంటే ముందు మాటల్లో ఉంది. తను చెప్పాలనుకున్నది చెప్పలేనివాడు, ఎదుటివాడు రాసిచ్చిన కాగితం అర్థం చేసుకోలేనివాడు ఎప్పటికీ సంతకం పెట్టేవాడిగానే మిగిలిపోతాడు.

ఈ బడికి ఇంకో ముఖం కూడా ఉంది. మిలానీ చాలా కఠినంగా ఉండేవారు. పిల్లల మీద చేయి చేసుకునేవారు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, ఆయన్ని ప్రాణంగా ప్రేమించిన శిష్యులూ దాచలేదు. అమ్మాయిలు చాలా తక్కువమంది వచ్చేవాళ్లు. కింద పల్లెల నుంచి ఒక్క ఆడపిల్ల కూడా రాలేదని బడి పిల్లలే రాశారు. దారి కష్టం కావచ్చు, తల్లిదండ్రుల ఆలోచన కావచ్చు అని వాళ్లే కారణాలూ చెప్పుకున్నారు.

ఎనిమిది మంది రాసిన ఒక ఉత్తరం

ఇటలీలో 1962 దాకా ఐదో తరగతి తర్వాత పిల్లల దారులు చీలిపోయేవి. లాటిన్ నేర్పే మిడిల్ స్కూల్‌కి వెళ్లినవాళ్లకి పై చదువులు, మిగతావాళ్లకి పనులు నేర్పే బడి. 1962 డిసెంబరులో వచ్చిన చట్టం ఈ రెండింటినీ కలిపి పధ్నాలుగేళ్ల దాకా అందరికీ ఒకటే బడి అంది. తలుపు తెరుచుకుంది. లోపల ఉన్న టీచర్లు, పుస్తకాలు, మార్కుల పద్ధతి మాత్రం పాతవే. పల్లె పిల్లలు వచ్చారు, ఫెయిలయ్యారు, వెళ్లిపోయారు.

బార్బియానా నుంచి టీచర్ ట్రైనింగ్ చదవబోయిన అబ్బాయిలు కూడా ఫ్లోరెన్స్‌లో ఫెయిలయ్యారు. ఆ కోపంలోంచి 1967 మేలో 'ఒక టీచరమ్మకు ఉత్తరం' అనే పుస్తకం వచ్చింది. పుస్తకం అట్ట మీద రచయిత పేరు మిలానీది కాదు, 'బార్బియానా బడి' అని ఉంటుంది. ఎనిమిది మంది అబ్బాయిలు దాదాపు ఏడాదిపాటు కూర్చుని రాశారు. ఎవరికి తోచింది వాళ్లు చీటీల మీద రాయడం, ఒకే విషయం మీది చీటీలన్నీ ఒక చోట పెట్టడం, వరసలో పేర్చడం, అక్కర్లేని మాటలు కొట్టేయడం, అర్థం కాని మాట ఉంటే మార్చడం. అందరూ కలిసి రాసే ఈ పద్ధతి మీద ఆలోచన 1963లో మారియో లోదీ అనే ప్రాథమిక పాఠశాల టీచరుతో జరిగిన స్నేహం, ఉత్తరాల నుంచి మొదలైంది. అప్పటికే మిలానీకి క్యాన్సర్ ముదిరింది, మంచం మీద నుంచే పని నడిపించారు. టీచర్లని దులిపేసిన ఆ పుస్తకం తయారీలో సాయపడినవాళ్లలో ఒక గవర్నమెంటు టీచరమ్మ కూడా ఉన్నారు. ఆవిడ పేరు అడెలె కొరాది.

పుస్తకంలో ఇద్దరు పిల్లలు కనిపిస్తారు. పియెరీనో డాక్టరు గారబ్బాయి. బడికి రాకముందే చదవడం వచ్చు కాబట్టి ఒక క్లాసు ముందుకి దూకాడు. జాన్నీ పేదింటి పిల్లాడు. క్రియాపదంలో పలకని 'హెచ్' అక్షరం ఎక్కడ రాయాలో తెలియక ఫెయిలయ్యాడు. పనుల గురించి, ఊరి గురించి, పెద్దవాళ్ల కష్టసుఖాల గురించి వాడికి తెలిసినవేవీ పరీక్షలో లేవు.

ఫెయిల్ లెక్క: రిజిస్టరు చెప్పని సంగతి

ఉత్తరంలో నాకు అన్నిటికంటే పదునుగా అనిపించేది భావోద్వేగం కాదు, లెక్కలు. ప్రభుత్వ గణాంకాలు, బడి రిజిస్టర్లు తీసుకుని ఏ పని చేసేవాళ్ల పిల్లలు ఎంతమంది తప్పిపోతున్నారో ఆ పిల్లలు పట్టికలు వేశారు. ఆ పనికి ఇటలీ భౌతికశాస్త్ర సంఘం బహుమతి కూడా ఇచ్చింది.

వాళ్ల వాదన అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నావి, తర్కం వాళ్లది.

ఆరో తరగతిలో 30 మంది చేరారు. ఏడాది చివర 6 మంది ఫెయిల్, 24 మంది ఏడుకి వెళ్లారు. ఏడులో అప్పటికే ఫెయిలై ఆగిపోయిన పై బ్యాచ్ వాళ్లు 5 మంది ఉన్నారు. క్లాసు మొత్తం 29. ఆ ఏడాది మన 24 మందిలో 4 పోయారు, 20 మంది ఎనిమిదికి వెళ్లారు. అక్కడ ఆగి ఉన్నవాళ్లు 6. మొత్తం 26. చివరి పరీక్షలో మనవాళ్లు ఇంకో ఇద్దరు తప్పారు.

ఇప్పుడు రిజిస్టరు చూడండి: 30, 29, 26. క్లాసు నిండుగానే ఉంది, పెద్ద నష్టమేమీ జరిగినట్టు లేదు. కానీ మొదటిరోజు కూర్చున్న 30 మందిలో సమయానికి గట్టెక్కింది 18 మంది. మిగతా 12 మందిలో ఎవరు ఇంకా చదువుతున్నారో, ఎవరు పొలానికి పోయారో ఏ టీచరుకీ తెలియదు. ప్రతి టీచరూ తన ఏడాది తను చూసుకుంటుంది. ఆమె దృష్టిలో ఫెయిలైనవాడు 'మళ్లీ చదువుకుంటాడు'. వాడి ఇంట్లో మాత్రం పధ్నాలుగేళ్లొచ్చిన కొడుకు తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవడం ఎందుకు, పనికి పంపితే పోలా అనే మాట వస్తుంది. ఈ 12 మంది ఏ ఇళ్లవాళ్లో పట్టిక వేస్తే డాక్టరు గారి పిల్లలు కనిపించరు. బార్బియానా పిల్లలు చూపించింది అదే.

దీని మీద వచ్చే సహజమైన అభ్యంతరం ఒకటుంది. పేపరు అందరికీ ఒకటే, దిద్దడం ఒకేలా, ఇందులో అన్యాయమేముంది? ఉత్తరం జవాబు ఇది: మొదలైన చోటే సమానం కానప్పుడు సమానంగా పంచడమే అన్నిటికంటే పెద్ద అన్యాయం. ఇటలీ రాజ్యాంగం మూడో అధికరణం మనుషులు సమానమని చెప్పి ఊరుకోదు, ఆ సమానత్వానికి అడ్డొచ్చే ఆర్థిక, సామాజిక ఆటంకాల్ని తొలగించడం రాజ్యం పని అంటుంది. బలహీనంగా ఉన్నవాళ్లని బయటికి పంపే బడి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వైద్యం చేసి రోగుల్ని గెంటేసే ఆసుపత్రి లాంటిదని ఆ పిల్లలు అన్నారు.

మూడు సూచనలు, మూడూ కలిపి

ఉత్తరం మూడు మార్పులు కోరింది. ఒకటి, ఎవర్నీ ఫెయిల్ చేయొద్దు. రెండు, మందబుద్ధులు అని ముద్రపడ్డ పిల్లలకి రోజంతా బడి పెట్టండి. మూడు, బద్ధకస్తులనిపించే వాళ్లకి చదువు ఎందుకో ఒక గమ్యం చూపించండి.

గందరగోళమంతా ఇక్కడే. మొదటి సూచన ప్రభుత్వానికి చౌక, ఒక సర్క్యులర్‌తో అయిపోతుంది. రెండోదానికి గదులు, టీచర్లు, భోజనాలు, గంటలు కావాలి. మూడోదానికి డబ్బు చాలదు, మనిషి కావాలి. మిలానీ లెక్కలో రెండూ మూడూ లేని మొదటిది అర్థం లేనిది. ఫెయిల్ చేయొద్దు అంటే రాకపోయినా పంపించేయమని కాదు, వచ్చేదాకా వదలొద్దని. టీచర్లకి జీతం కూడా పని లెక్కన ఇవ్వాలని, అన్ని సబ్జెక్టులూ నేర్చుకున్న ఒక్కో పిల్లాడికీ ఇంత అని కట్టాలని, అంతకంటే నయం ఏ సబ్జెక్టైనా రానివాడికి జరిమానా వేయడమని ఆ పిల్లలు ఎకసెక్కంగా రాశారు. ప్రమాణాలు తగ్గించమనేవాళ్లు అలా రాయరు.

మధ్యలో ఒక కోర్టు కేసు

1965 ఫిబ్రవరిలో టస్కనీ సైనిక చాప్లిన్లు (సైన్యంలో పనిచేసే ఫాదర్లు) కొందరు, సైన్యంలో చేరనని జైలుకి పోయే యువకులు పిరికివాళ్లని ప్రకటన ఇచ్చారు. మిలానీ పిల్లలతో కలిసి ఇటలీ యుద్ధాల చరిత్ర తిరగేసి ఒక బహిరంగ జవాబు రాశారు. అది కమ్యూనిస్టు వారపత్రికలో అచ్చవడంతో నేరాన్ని సమర్థించారని కేసు పెట్టారు. జబ్బు వల్ల కోర్టుకి రాలేక జడ్జీలకి ఉత్తరం రాశారు. ప్రతి మనిషీ తన మనస్సాక్షికి తనే బాధ్యుడని, కళ్లు మూసుకుని ఆజ్ఞ పాటించడం ఇక సుగుణం కాదని అందులో వాదించారు. 1966 ఫిబ్రవరిలో నిర్దోషి అన్నారు. అప్పీలు తీర్పు 1967 అక్టోబరులో వ్యతిరేకంగా వచ్చింది, కానీ అప్పటికే ఆయన లేరు. జూన్ 26న, 44 ఏళ్ల వయసులో, ఫ్లోరెన్స్‌లో తల్లి ఇంట్లో చనిపోయారు. బార్బియానాలో కొనుక్కున్న చోటే సమాధి చేశారు. మనస్సాక్షి కారణంగా సైన్యంలో చేరడానికి నిరాకరించే హక్కుని ఇటలీ చట్టం 1972లో ఒప్పుకుంది.

ఇటలీ ఏం తీసుకుంది, ఏం పక్కన పెట్టింది

పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది 1968. విద్యార్థి ఉద్యమాలు దాన్ని చేతబట్టుకున్నాయి. ఆ నినాదాల ఊపులో పన్నెండు గంటల చదువు సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

చట్టాల్లో మార్పులు మెల్లగా వచ్చాయి. 1971లో ప్రాథమిక బడుల్లో రోజంతా నడిచే తరగతులకి చట్టం దారి వేసింది. 1977 చట్టం ప్రాథమిక, మిడిల్ స్థాయిల్లో అంకెల మార్కులు తీసేసి రాతపూర్వక అంచనా పెట్టింది, సెప్టెంబరులో మళ్లీ రాసే పరీక్షల్ని ఎత్తేసింది, వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు తరగతుల్లోకి తెచ్చింది. 2008లో అంకెలు తిరిగొచ్చాయి. వీటన్నిటికీ మిలానీ ఒక్కరే కారణమనడం తప్పు. టీచర్ల సంఘాలు, కార్మిక సంఘాలు, తల్లిదండ్రుల పోరాటాలు కలిస్తేనే ఇవి జరిగాయి. ఆయన పుస్తకం ఆ వాదనకి భాష ఇచ్చింది.

అసలు తేడా అమలులో ఉంది. ఫెయిల్ తగ్గించడం దేశమంతా పాకింది. రోజంతా బడి మాత్రం ఉత్తరాదిలో బాగా, దక్షిణాదిలో తక్కువగా నిలబడింది. పేదరికం ఎక్కువగా ఉన్నది దక్షిణాదిలోనే.

విమర్శకులు చెప్పేదేంటి

విమర్శల్ని మూడు రకాలుగా విడదీసి చూడాలి.

మొదటిది మనిషి మీద. ఒక్క గురువు ఇష్టం మీద నడిచిన బడి అది, దెబ్బలున్నాయి, ఆటలు లేవు, ఆయనంటే భయమూ భక్తీ కలిసి ఉండేవి, అలాంటిదాన్ని ఆదర్శంగా చూపించొచ్చా అని. 1992లో రచయిత సెబాస్టియానో వస్సల్లి లా రిపుబ్లికా పత్రికలో చాలా ఘాటుగా రాశారు. టీచర్లందర్నీ విలన్లు చేశారన్న బాధ కూడా ఇందులో భాగమే. అది పూర్తిగా తీసేయదగ్గ మాట కాదు. ఉత్తరం భాష నిజంగానే ఏకపక్షం.

రెండోది పద్ధతి మీద. వందమంది ఉన్న కొండ మీద, పెళ్లీ సంసారం లేని ఒక గురువు, తన రోజంతా, ఆస్తంతా ధారపోసి చేసినది వేల బడుల్లో ఎలా చేస్తారు? ఉత్తరం కూడా రోజంతా బడి నడిపేవాళ్లకి కుటుంబం అడ్డు రాకూడదని, బ్రహ్మచారులైనా కావాలి, భార్యాభర్తలిద్దరూ టీచర్లైనా కావాలి అన్న ధోరణిలో మాట్లాడుతుంది. జీతం మీద బతికే మామూలు టీచరుని అలా అడగడం న్యాయమా? దీనికి మిలానీ అభిమానుల దగ్గర గట్టి జవాబు నాకు కనపడలేదు.

మూడోది ఫలితాల మీద. పావొలా మస్త్రొకోలా, లూకా రికోల్ఫీ 2021లో పుస్తకమే రాశారు. బడి తేలికైపోతే ధనికుల పిల్లలు ఇంట్లో, ట్యూషన్లలో నేర్చుకుంటారు, పేదపిల్లాడికి ఉన్న ఒకే ఆధారమైన బడి బలహీనపడుతుంది, కాబట్టి సమానత్వం పేరుతో అసమానత పెరిగింది అని వాళ్ల వాదన. ఇది బలమైన వాదన. విచిత్రం ఏంటంటే, మిలానీ కూడా సరిగ్గా ఇదే అనేవారు. పేదవాడికి బడి తప్ప ఇంకేం లేదు కాబట్టి బడి కఠినంగా, పొడుగ్గా ఉండాలన్నది ఆయన మొదటి సూత్రం. ఇద్దరూ విడిపోయేది ఒక్క చోట: రాని పిల్లాడిని ఆపేస్తే నేర్చుకుంటాడా, పోతాడా.

ఇటలీ రాజ్యాంగం ముప్పై నాలుగో అధికరణం సమర్థులకి, అర్హులకి చేతిలో డబ్బు లేకపోయినా పై చదువుల హక్కు ఇస్తుంది. అర్హత అనే ఆ మాట మీద రాజకీయాలు కూడా నడుస్తున్నాయి. 2022లో జార్జియా మెలోనీ ప్రభుత్వం విద్యాశాఖ పేరుకి 'ప్రతిభ' అని చేర్చింది. 2023 మే 27న మిలానీ శతజయంతికి అధ్యక్షుడు సెర్జియో మత్తరెల్లా బార్బియానా వెళ్లి, ప్రతిభ అంటే ముందే ముందున్నవాడికి ఇంకాస్త తోడ్పడటం కాదని, అవకాశం లేనివాళ్లకి కొత్తగా అవకాశం ఇవ్వడమని మాట్లాడారు. అంతకుముందు 2017 జూన్ 20న పోప్ ఫ్రాన్సిస్ కూడా ఆ కొండెక్కారు. ఒకప్పుడు శిక్షగా పంపిన చోటికి చర్చి పెద్ద వెళ్లడానికి మిలానీ చనిపోయాక యాభై ఏళ్లు పట్టింది.

శిష్యుల్లో మికేలె జెసువాల్ది కార్మిక నాయకుడై ఫ్లోరెన్స్ జిల్లా పాలకమండలికి అధ్యక్షుడయ్యారు. ఆయన తమ్ముడు ఫ్రాంచెస్కో ప్రపంచ వాణిజ్యంలో అన్యాయాల మీద పనిచేసే కేంద్రం పెట్టారు. ఇద్దర్నీ మిలానీ తన ఇంట్లోనే పెంచారు. కొద్దిమంది విజయం చూపించి పద్ధతిని నిరూపించలేం, అది ఒప్పుకోవాలి.

మన చట్టంలో అవే రెండు సగాలు

మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని 16వ సెక్షన్, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ అదే క్లాసులో ఆపకూడదు, బడి నుంచి తీసేయకూడదు అంది. దీన్నే నో డిటెన్షన్ అంటున్నాం. అదే చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమంది. అంటే ఏడాది చివర ఒక్కసారి కాకుండా ఎప్పటికప్పుడు పిల్లకి ఏం వచ్చింది, ఏం రాలేదు చూసి సరిచేస్తూ పోవాలి. మిలానీ మూడు సూచనలు చదివినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు: ఆపొద్దు, కానీ వదలొద్దు.

అమలులో మొదటి సగం వెంటనే వచ్చింది. రెండో సగం చాలా చోట్ల ఎఫ్‌ఏ (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఎస్‌ఏ (టర్మ్ చివరి పరీక్షలు) మార్కుల రికార్డులు నింపే పనిగా మిగిలిందని టీచర్లే చెబుతారు. ఐదు తరగతులకి ఒకరో ఇద్దరో టీచర్లున్న బడిలో ఎవరికి ఏం రాలేదో చూసే తీరిక ఎక్కడిది? దాంతో ఎనిమిదికొచ్చినా చదవడం రాని పిల్లలు కనబడ్డారు, తప్పంతా నో డిటెన్షన్‌ మీద పడింది.

2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే అధికారం ప్రభుత్వాలకి ఇచ్చింది. ఏ రాష్ట్రం ఏం చేయాలో ఆ రాష్ట్రం ఇష్టం. 2024 నియమాలు కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి కేంద్ర బడులకి వర్తిస్తాయి. వాటి ప్రకారం తప్పిన పిల్లకి అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే ఆపొచ్చు. ఆపిన పిల్లకి ఎక్కడ వెనకబడిందో క్లాస్ టీచర్ కనిపెట్టి ప్రత్యేకంగా చెప్పాలి, ఆపిన పిల్లల జాబితా హెడ్‌మాస్టర్ దగ్గర ఉండాలి. పరీక్ష బట్టీ మీద ఆధారపడకూడదు. ఎనిమిది పూర్తయ్యేదాకా ఎవర్నీ బడి నుంచి తీసేయకూడదు.

కాబట్టి ఈ నియమాలని 'ఫెయిల్ మళ్లీ తెచ్చారు' అని ఒక్క ముక్కలో చెప్పినా, 'పేదల మీద దెబ్బ' అని ఒక్క ముక్కలో చెప్పినా సగమే చెప్పినట్టు. ఆ రెండు నెలల్లో పిల్లకి రోజుకి ఎన్ని గంటలు దొరుకుతాయి, క్లాస్ టీచర్‌కి ఆ గంటలు ఏ పని తగ్గించి ఇస్తారు, హెడ్‌మాస్టర్ జాబితాలో ఉన్న పిల్లల్లో ఏడాది తర్వాత ఎంతమంది బడిలో మిగిలారు అన్న లెక్కలు బయట పెడితే, ఏ వాదన ఎంత నిజమో అప్పుడు చూసి చెప్పొచ్చు. బార్బియానా పిల్లలు రిజిస్టర్లు అడిగి తీసుకున్నది సరిగ్గా ఈ లెక్క కోసమే.